ఇంటిదాకా వెళ్ళే బండి

మారామా పాత వ్యాన్ కొండదారి మలుపులో పొగలు కక్కుకుంటూ కన్నుమూసిన నాటినుంచి ఆ ఇంట్లో రెండు పార్టీలు నడుస్తున్నాయి. కొనగలిగింది ఒక్క బండే. మొగుడు హోనే, పిల్లలు కరెంటుతో నడిచే ఎస్‌యూవీ కావాలంటున్నారు. తల్లి రీపెకా ఒక్కతే ఒక పార్టీ. ఆవిడకి జపాన్ నుంచి దిగిన హైబ్రిడ్ వ్యాన్ కావాలి, ఎందుకని అడిగితే మాత్రం చెప్పదు. గుండె డాక్టరు కొత్త మాత్రలు రాసిచ్చాక ఆ పట్టుదల ఇంకా ముదిరింది. శుక్రవారం భోజనాల దగ్గర మాటా మాటా పెరిగి, ఆవిడ మారామాతో, "రేపు నాతో వచ్చి ఆ వ్యాన్ ఒక్కసారి చూడు. ఆ తర్వాత నీ ఇష్టం," అని కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయింది. మనం అక్కడ ఆగాం.

ఇంతకీ మారామాది ఏ పార్టీ? ఇంట్లో ఎవరూ ఆ మాట అడగలేదు. అడక్కపోవడమే మేలయింది, ఎందుకంటే ఆ కరెంటు బండి మీద ఆమెకి ఎంత మనసుందో పైకి చెప్పాలంటే సిగ్గు.

లైసెన్సు చేతికొచ్చిన రోజునుంచి ఆమె నడిపినవన్నీ వ్యాన్లే. పేరుకి ఆమెవి, నిజానికి ఊరందరివి. ఎవరి పెళ్ళయినా, ఎవరు పోయినా, ఎవరి పిల్లలకి నెట్‌బాల్ పోటీలున్నా, "మారామా వ్యాన్ ఉందిగా" అన్న ఒక్క మాటతో అందరి సమస్యా తీరిపోయేది. ఎక్కేవాళ్ళు ఎక్కేవాళ్ళే, దిగేవాళ్ళు దిగేవాళ్ళే, మధ్యలో ఈమె డ్రైవరు. ఓసారి మేనమామ సముద్రంలోంచి తెచ్చిన కీనా గుల్లల బస్తా వెనక పడేసి మర్చిపోయాడు. అది కారి తివాచీలోకి ఇంకి, ఆ కంపు వ్యాన్ చచ్చేదాకా వదల్లేదు. మారామా ఎన్ని డబ్బాల సబ్బుపొడి తగలేసినా ఫలితం లేదు.

కిందటి చలికాలంలో మనూరేవా బజారు దగ్గర కార్లు నిలిపేచోట ఆ కరెంటు బండి ఆమె పక్కకొచ్చి ఆగింది. ఆగిన చప్పుడు కూడా లేదు. ముదురాకుపచ్చ రంగు. నడుపుతున్నామె ఒంటరిగా ఉంది. పక్క సీట్లో చిన్న చేతిసంచి, అంతే. వెనక తడి తువ్వాళ్ళు లేవు, ఎవరిదో గిటారు లేదు, అరుస్తున్న పిల్లలు లేరు. ఆ ఒక్క చేతిసంచిని చూసి మారామాకి కళ్ళు చెమర్చాయి. తనకీ ఒక బండి, అందులో తనొక్కతే, తీరం వెంబడి ఎక్కడికో చెప్పకుండా వెళ్ళి సాయంత్రానికి రావడం. మనిషికి అదేం పెద్ద కోరిక? అయినా ఆమె జీవితంలో అంత చిన్న కోరికకి కూడా సీటు దొరకలేదు.

శనివారం పొద్దున తల్లిని వెంటబెట్టుకుని పాత కార్ల యార్డుకి వెళ్ళేటప్పటికి ఆమె నిర్ణయం తీసుకునే ఉంది. చూస్తుంది, తల ఊపుతుంది, "చూశాంగా అమ్మా, ఇంక పద" అంటుంది.

యార్డు యజమాని సత్యానంద్ ఫిజీ నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. మనిషి మర్యాదస్తుడే గానీ నోరు మూతపడదు. తెల్లటి వ్యాన్ తాళం తిప్పగానే లోపల్నుంచి ఒక ఆడగొంతు జపాన్ భాషలో ఏదో గడగడా చెప్పింది.

"కియా ఓరా, తల్లీ," అంది రీపెకా, ఎదురుగా మనిషే ఉన్నట్టు.

"అది బండి మాట్లాడుతోంది ఆంటీ. జపాన్ నుంచి వచ్చినవన్నీ ఇంతే. ఏం చెబుతుందో ఇప్పటిదాకా నాకూ తెలీదు," అని నవ్వాడు సత్యానంద్.

"పలకరిస్తే బదులు పలకొద్దూ? మా ఇంట్లో అది కూడా కరువే."

ఆ చివరి ముక్క ఎవరికో మారామాకి తెలుసు.

రీపెకా చేతికర్ర బండికి ఆనించి, పక్క తలుపు జరిపి, తల లోపలికి పెట్టి గట్టిగా వాసన పీల్చింది. "ఇందులో ఎప్పుడైనా తిండి సామాన్లు మోశారా నాయనా? చేపలూ, మాంసం, అట్లాంటివి?"

"అబ్బే! ఇదివరకు నడిపినాయన బండిలో నీళ్ళు కూడా తాగనిచ్చేవాడు కాదట. వాసన చూశారుగా."

"మంచిది. చాలా మంచిది," అని సంతోషంగా తల ఊపింది.

మారామాకి ఒళ్ళు మండింది. జీవితాంతం తన వ్యాన్లో గుల్లల బస్తాలు, పంది తలకాయలు ఎక్కించిన మనిషి ఇవాళ శుభ్రం గురించి అడుగుతోంది! "ఏంటమ్మా నీ వేషాలు? నువ్వు ఎక్కించకుండా ఉంటే కదా వాసన రాకుండా ఉండేది?"

"ఇందులో ఎక్కించను."

"నువ్వు?"

"నేనే. ఒట్టు." తర్వాత సత్యానంద్ వైపు తిరిగి, "వెనక సీట్లు మడిస్తే లోపల ఎంత పొడుగొస్తుందో చూపించు," అంది.

ఈ పొడుగు గోల మారామా నెలనాళ్ళుగా వింటోంది. అమ్మ ఫోన్లోనూ అదే అడిగింది, పక్కింటివాళ్ళ వ్యాన్ దగ్గరా అదే అడిగింది. ఇంకెందుకు, పరుపుల కోసమే. సొంతూరి సభామందిరం, ఆ మారాయెలో ఏ కార్యమైనా వందమంది నేలమీద పడుకోవాలి. ఆ పరుపులు ఇంటింటికీ తిరిగి పోగుచేసి మొయ్యడం మళ్ళీ మారామా మెడకే. అంటే మళ్ళీ అదే చాకిరీ. ఆమె దూరంగా వెళ్ళి యార్డు తీగల మీద రెపరెపలాడే రంగు జెండాలు చూస్తూ నిలబడింది. రోడ్డవతల బేకరీలోంచి మాంసం పఫ్‌ల వాసన వస్తోంది. పొద్దున ఏమీ తినలేదని గుర్తొచ్చింది.

వెనక సత్యానంద్ సీట్లతో కుస్తీ పడుతున్నాడు. మూడో వరస నేలలోకి మడుచుకుపోయింది. రెండో వరస ముందుకి జరిగింది. "చూడండి ఆంటీ, గదిలా ఉంది!" అన్నాడు. ఆ తర్వాత అతని మాట ఠక్కున ఆగిపోయింది. అతను మాట ఆపడమనేది అరుదైన సంగతి కనక మారామా వెనక్కి తిరిగింది.

రీపెకా బూట్లు విప్పి జాగ్రత్తగా బండి పక్కన పెట్టింది. తలగుడ్డ సర్దుకుంది. వెనక తలుపులోంచి ఎక్కి, మెల్లగా వెల్లకిలా పడుకుంది. కాళ్ళు బార్లా చాపి, చేతులు రెండూ గుండెల మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుంది.

"సరిపోతాను," అంది. "శవపెట్టెతో కలిపినా సరిపోతాను. పక్కన నువ్వు కూచోడానికి చోటు కూడా ఉంది. చూడు."

మారామా పరుగున వచ్చింది. "అమ్మా! లే! అట్లా పడుకోకూడదు, లే ముందు!"

"ఎందుకు కూడదు? కోటు కొనుక్కునేటప్పుడు తొడుక్కుని చూడవూ?"

సత్యానంద్ ఒకసారి తల్లిని, ఒకసారి కూతుర్ని చూసి, ఆఫీసులో ఫోన్ మోగుతోందని చెప్పి వెళ్ళిపోయాడు. ఏ ఫోనూ మోగలేదు.

"పరుపుల కోసమనుకున్నాను," అంది మారామా. "పొడుగు, పొడుగు అని చంపుతుంటే పరుపుల కోసమనుకున్నాను."

"పరుపులు మొయ్యడానికి ఊళ్ళో లారీలు లేవుటే?"

"తిండి మొయ్యలేదు కదా అని అడిగింది కూడా దీనికేనా?"

"మరి? పోయినవాళ్ళ పక్కన తిండి పెడతామా?" రీపెకా కళ్ళు తెరవలేదు. "మీ నాన్న సంగతి నీకు జ్ఞాపకం ఉందో లేదో."

ఎందుకు జ్ఞాపకం లేదు? నాన్న తామాటి పోయినప్పుడు ఇంట్లో ఉన్నది చిన్న కారు. వ్యాన్ రిపేరు షెడ్డులో ఉంది. శవాల బండివాళ్ళని మాట్లాడారు. బండిలో ఇంకెవర్నీ ఎక్కించుకోకూడదు, అది మా రూలు అన్నారు వాళ్ళు. పోయిన మనిషిని మట్టిలో పెట్టేదాకా ఒంటరిగా వదలకూడదన్నది వీళ్ళ రూలు. కానీ ఆరోజు మొదటి రూలే గెలిచింది. వీళ్ళు చిన్న కారులో వెనకాలే బయల్దేరారు.

"లోయలో చరియ విరిగిపడ్డ చోట దారి ఆపారు," అంది రీపెకా. "మీ నాన్న బండిని వెళ్ళనిచ్చి, సరిగ్గా మన ముందు అక్కడ కాపలా ఉన్న మనిషి పలక తిప్పాడు. ఆగు అని. నేను దిగి అరిచాను. మా ఆయన ముందు వెళ్ళిపోతున్నాడయ్యా, నన్ను వదలండయ్యా అన్నాను. ఎదురుగా వరసగా లారీలొస్తున్నాయి, ఎట్లా వదుల్తాడు పాపం."

"తెలుసమ్మా. నేనే కదా నడిపింది."

"నీకు దారి సంగతి తెలుసు. గేటు సంగతి తెలీదు." ఇప్పుడు కళ్ళు తెరిచి వ్యాన్ పైకప్పు వంక చూస్తోంది. "ఆయన మనకంటే ముందు చేరాడు. మారాయె గేటు బయట ఆ బండి ఆగింది. లోపల్నుంచి మా అక్క లేచి పిలిచింది. రండి, మీ పోయినవాళ్ళని తీసుకుని రండి అని. బదులు పలక్కుండా గేటు దాటకూడదు కదా, పలకాల్సిన ఆడది ఆయన పక్కన లేదు. రెండోసారి పిలిచిందట. ఆ డ్రైవరు సిగరెట్ తాగుతూ నించున్నాడట. మనం చేరేదాకా మీ నాన్న తన ఊళ్ళో, తన గుమ్మంలో, ఎవరూ తీసుకురాని మనిషిలాగా పడి ఉన్నాడు."

మారామా వెనక తలుపు అంచున కూలబడింది. ఇన్నేళ్ళలో ఈ మాట తల్లి నోట రాలేదు. వంటింట్లో, చర్చిలో, ఆస్పత్రి వరండాలో ఎన్ని వేల మాటలు దొర్లాయో, ఇది మాత్రం రాలేదు.

"అందుకేనా ఆ తర్వాత మన ఊరింటికి వెళ్ళనంటావు? రమ్మన్న ప్రతిసారీ మోకాళ్ళంటావు, ముసురంటావు..."

"మా అక్క ఒక్క మాట అనలేదే. తిట్టి ఉంటే బాగుండేది. టీ ఇచ్చింది. ఏ మొహం పెట్టుకుని ఆ గేటు దగ్గర నిలబడను? ఈసారి నన్ను నువ్వు తీసుకెళ్ళు. నా పక్కన కూచుని తీసుకెళ్ళు. అక్క పిలిస్తే నువ్వు బదులు పలుకు. అంతకంటే నాకేం వద్దు. నువ్వు సుఖపడకూడదని కాదే ఈ వ్యాన్ అడిగింది."

ఎప్పుడో బిస్కట్ల ఫ్యాక్టరీలో పనికని, రెండేళ్ళుండి వెళ్ళిపోదామని ఈ ఊరొచ్చిన మనిషి. ఆ రెండేళ్ళు ఇంకా అవలేదు. ఇవాళ్టికీ వర్షం పడితే కిటికీ దగ్గర నిలబడి, "అక్కడ ఏరు పొంగి ఉంటుంది," అంటుంది. పొద్దున్నే లేచి అక్కడి తీరంలో వాతావరణం చూశాకే ఇక్కడి వాతావరణం చూస్తుంది. ఏరు సముద్రంలో కలిసేచోట తెల్లపిట్టలు వాలతాయని, మానూకా పుల్లల పొగ వాసన ఒంటికి పడితే రోగాలు పోతాయని మనవలకి చెబుతుంది. ఇంత బెంగ పెట్టుకుని ఈవిడ ఇక్కడ ఎలా బతుకుతోందా అని మారామా ఎన్నిసార్లు అనుకుందో. ఇప్పుడు తెలిసింది. చచ్చిపోయాక వెళ్ళొచ్చు కదా అన్న ధైర్యంతో బతుకుతోంది.

తెలియగానే జాలితో పాటు కోపం కూడా ముంచుకొచ్చింది. "పడుకుని వెళ్ళడానికి బండి వెతుకుతున్నావు సరే. కూచుని వెళ్ళడానికి ఎందుకు వెతకవమ్మా? ప్రాణం ఉండగా ఆ గేటులోంచి వెళితే ఎవరైనా కొడతారా నిన్ను?"

రీపెకా గోడవైపు తిరిగి పడుకున్న చిన్నపిల్లలా వ్యాన్ పక్కరేకు వైపు తిరిగింది.

మారామా ఆ వీపు వంక చూస్తూ కూచుంది. ముదురాకుపచ్చ బండి, పక్క సీట్లో చేతిసంచి, తీరం వెంబడి దారి అన్నీ కళ్ళముందు ఒకసారి తిరిగాయి. బాధేసింది. అబద్ధమెందుకు, చాలా బాధేసింది. కానీ తల్లి పక్కన తను కూచోడానికి నిజంగానే చోటుంది. ఆ చోటు చూశాక ఇంకో బండి కొనుక్కుని ఎవరైనా ఎలా నడుపుతారు?

హోనేకి ఫోన్ చేసి చెప్పేద్దామని లేచింది. అటు రింగవుతోంది. చిత్రంగా ఆ రింగు ఆమె వీపు వెనకే మోగింది.

తిరిగి చూస్తే ముదురాకుపచ్చ బండి. ఎప్పుడొచ్చిందో, ఎలా వచ్చిందో, ఆకు కదిలిన చప్పుడు లేదు. హోనే కిటికీలోంచి తల బయటపెట్టి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"వచ్చి ఎంతసేపైందనుకున్నావు! వెనకొచ్చి నించున్నా తెలీలేదు చూడు నీకు. అదీ దీని గొప్ప."

"హోనే, ఇదేంటి?"

"నీ బండి." దిగి వచ్చి తాళం ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. "బయానా ఇచ్చాను. సాయంత్రం షోరూమ్ మూసేలోపు ఖాయం చేస్తే మనది, లేకపోతే వెనక్కి తీసుకుంటారు. ఆరోజు బజారులో ఇలాంటి బండిని నువ్వు చూసిన చూపు, సంచులతో వస్తూ నేను చూశాలే. పెళ్ళయ్యాక నన్నెప్పుడైనా అట్లా చూశావా?"

"పిల్లలు కావాలన్నారని కదా నువ్వు..."

"పిల్లలకేం తెలుసు. వాళ్ళకి నేనే నేర్పాను. నువ్వు నీ నోటితో నాకిది కావాలని అడగవని తెలిసి వాళ్ళ చేత అడిగించాను." మీసాల్లోంచి సిగ్గుపడ్డాడు. "ఎక్కు. ఒక్కదానివే వెళ్ళు. ఎక్కడికని నేను అడగను."

ఆమె ఎక్కింది. కాళ్ళు తమంత తామే తీసుకెళ్ళాయి. తలుపు మెత్తగా మూసుకుంది. బయట జెండాల చప్పుడు, రోడ్డు మీద లారీల రొద అన్నీ ఒక్కసారిగా ఎక్కడికో వెళ్ళిపోయాయి. స్టీరింగు చక్రం మీద చేతులు పెట్టుకుని, ముందుకి వంగి, నుదురు ఆ చేతుల మీద ఆనించి ఏడ్చింది. అడక్కుండా తెచ్చిచ్చిన మొగుడు. ఈ నిమిషంలోనే ఎందుకు తెచ్చాడు, ఒక గంట ముందు తేకూడదా, లేకపోతే అసలు తేకుండా ఉండకూడదా అని ఏడ్చింది.

అద్దంలోంచి చూస్తే యార్డు గేటులోంచి ఒక కుటుంబం లోపలికొస్తోంది. మొగుడూ పెళ్ళాం, ఒక ముసలాయన, లెక్కపెట్టడానికి కుదురుగా నిలబడని పిల్లలు. తెల్ల వ్యాన్ చూడగానే పిల్లలు కేకలేశారు. సత్యానంద్ ఆఫీసులోంచి ఎదురెళ్ళాడు.

రీపెకా అప్పటికే వ్యాన్ దిగి బూట్లు తొడుక్కుంటోంది. ఆ పిల్లల్ని తప్పుకుంటూ, కర్ర పొడుచుకుంటూ వచ్చి ఆకుపచ్చ బండి చుట్టూ ఒకసారి తిరిగింది. కూతురి ఎర్రబడ్డ కళ్ళు చూసింది, అల్లుడి మొహం చూసింది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకుండా సంగతంతా అర్థమైంది. రెండో వైపు తలుపు తెరిచి, చేతిసంచి ఉండాల్సిన సీట్లో తను కూచుంది.

"ఎంత నిశ్శబ్దంగా ఉందే," అంది. "ఇందులో వెళితే దూరాన్నుంచి పిలిచినా వినిపిస్తుంది."

"అమ్మా, నేను ఆ వ్యానే..."

"ఉండు." సీటు బెల్టు లాగి, తికమకపడి, చివరికి క్లిక్కుమనిపించింది. "ఏమయ్యా హోనే, నీ కరెంటు బండి మా ఇంటిదాకా వెళ్తుందా?"

హోనే కిటికీ దగ్గర వంగాడు. కరెంటు లైన్ల మీద పనిచేసే మనిషి, తెలిసిన లెక్కలో అబద్ధం చెప్పలేడు. "దారి మొదట్లో పట్నంలో చార్జి ఎక్కించుకుంటే లోయలోకి హాయిగా వెళ్తుంది అత్తా. తిరిగి రావడానికే చాలదు. అక్కడ చార్జరు లేదు. మారాయె వంటింట్లో ప్లగ్గుకి తగిలించి రాత్రంతా, మర్నాడంతా ఆగాలి."

"అమ్మాయ్!" సత్యానంద్ వ్యాన్ దగ్గర్నుంచి చెయ్యి ఊపాడు. పిల్లలు అప్పుడే లోపల గెంతుతున్నారు. "వీళ్ళు ఇప్పుడే తీసుకుంటామంటున్నారు. మీరు ముందొచ్చారు కనక అడుగుతున్నాను. ఏం చెప్పమంటారు?"

మారామా తలుపు తీసి ఒక కాలు కింద పెట్టింది. రీపెకా ఆమె మోచెయ్యి పట్టుకుంది. చూపు మాత్రం అల్లుడి మీదే ఉంది.

"తిరిగి రావడం గురించి నిన్ను ఎవరడిగారు అల్లుడూ?" అంది. "ఇలా కూచుని నేను వెళ్ళడం గురించే అడిగాను."